మేనార్డ్ ఫెర్గూసన్: మీ అబ్బాయి వింటున్న ఆ ట్రంపెట్ మనిషి

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా ఒకసారి రాస్తాను. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూలు బ్యాండులో ఏడాదిగా ట్రంపెట్ ఊదుతున్నాడు. యూట్యూబ్‌లో మేనార్డ్ ఫెర్గూసన్ వీడియోలు చూసినప్పటి నుంచి ఆ పై నోట్ల పిచ్చి పట్టింది. మొన్న పెదవి చిట్లి రక్తం కూడా వచ్చింది. అసలు ఈ ఫెర్గూసన్ ఎవరు, మదనపల్లె దగ్గర పాఠాలు చెప్పాడట నిజమేనా, ఆ నోట్లు మావాడికి వస్తాయా, ట్రంపెట్‌ని నమ్ముకుని బతకొచ్చా అని అడిగారు.

మదనపల్లె సంగతి నిజమే. మిగతా ప్రశ్నలకు జవాబు ఆయన జీవితంలోనే ఉంది, కాబట్టి ఓపిగ్గా చదవండి.

నా గురించి రెండు ముక్కలు. పదహారో ఏట మా మేనమామ బ్యాండు మేళంలో ట్రంపెట్ పట్టాను. తర్వాత మద్రాసు వెళ్లి సినిమా రికార్డింగుల్లో ఇరవై ఏళ్లు వాయించాను. కీబోర్డులు వచ్చి మా పని తగ్గిపోయాక విజయవాడ వచ్చేసి పిల్లలకు నేర్పుకుంటున్నాను. ఫెర్గూసన్‌ని నేను ఎన్నడూ నేరుగా చూడలేదు. మద్రాసులో ఒక గోవా సీనియర్ ఇచ్చిన క్యాసెట్టుతో మొదలైన పరిచయం అది. ఆ క్యాసెట్టు టేపు సాగిపోయి పాట సగం సుతి దిగిపోయేదాకా విన్నాను.

ముందు బిగ్ బ్యాండ్ అంటే ఏంటో తెలియాలి. మన పెళ్లి బ్యాండులో మనుషులు ఎక్కువైతే అది బిగ్ బ్యాండ్ అయిపోదు. పదహారు నుంచి పద్దెనిమిది మంది ఉంటారు. ముందు వరసలో ఐదు శాక్సఫోన్లు, వాటి వెనక నాలుగు ట్రాంబోన్లు, అన్నిటికన్నా వెనక నాలుగైదు ట్రంపెట్లు. పక్కన పియానో, బాస్, డ్రమ్స్, కొన్నిట్లో గిటార్. ఎవరు ఎక్కడ ఏం వాయించాలో కాగితం మీద రాసి ఉంటుంది. మధ్యలో ఒకరు లేచి నిలబడి మనోధర్మంతో సోలో వాయిస్తారు. ట్రంపెట్ల వరసలో పై గీత వాయించేవాణ్ని లీడ్ అంటారు. మొత్తం బ్యాండు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, నోటు ఎక్కడ కోయాలి అన్నది అతని చేతిలోనే ఉంటుంది. పేరు మాత్రం సోలో వాయించినవాడికి వస్తుంది. ఒళ్లు హూనమయ్యేది లీడ్‌కి. ఫెర్గూసన్ ప్రత్యేకత ఏంటంటే ఆ రెండు పనులూ ఒక్కడే, అదీ మిగతావాళ్ల నోట్లు ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెట్టి చేశాడు.

1928 మే 4న కెనడాలో, మాంట్రియల్‌ని ఆనుకుని ఉన్న వెర్డన్‌లో పుట్టాడు. ఇంట్లో సంగీతం ఉంది, తల్లి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేది. నాలుగేళ్లకే పియానో, వయొలిన్ మొదలుపెట్టించారు. తొమ్మిదేళ్లప్పుడు చర్చిలో ఎవరో కార్నెట్ ఊదగా విని, నాకు అదే కావాలని పట్టుబట్టాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి పొట్టి తమ్ముడు అనుకోండి. పదమూడేళ్లకు కెనడా రేడియో ఆర్కెస్ట్రాతో సోలో వాయించాడు. మాంట్రియల్ కన్సర్వేటరీలో శాస్త్రీయంగా నేర్చుకున్నాడు. ఈ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. వీడియోలో కనిపించే ఆ మనిషి కింద పియానో, వయొలిన్, క్లాసికల్ ట్రంపెట్ మూడు పునాదులున్నాయి. స్కూలు పిల్లల డాన్స్ బ్యాండులో ఆయనతో పాటు పియానో వాయించిన కుర్రాడి పేరు ఆస్కార్ పీటర్సన్. తర్వాత రోజుల్లో ప్రపంచం మొత్తం చెప్పుకున్న పీటర్సనే.

పదిహేనేళ్లకు బడి మానేశాడు. ఈ ముక్క మీ అబ్బాయికి చెప్పకపోయినా పర్లేదు.

మాంట్రియల్‌లో సొంత బ్యాండు పెట్టుకుని, అమెరికా నుంచి వచ్చే పెద్ద బ్యాండ్ల కచేరీలకు ముందు వాయించేవాడు. ఆ పెద్దవాళ్లు తెర పక్కన నిలబడి ఈ పిల్లాడెవడ్రా అని చూసేవాళ్లు. అమెరికా పిలుపు అలా వచ్చింది. 1948లో స్టాన్ కెంటన్ బ్యాండులో చేరదామని వెళ్లాడు. తీరా వెళ్లేసరికి కెంటన్ తన బ్యాండు రద్దు చేసుకుని ఉన్నాడు.

అప్పుడు అక్కడి పరిస్థితి అలా ఉంది మరి. 1930లలో అమెరికాలో జనం డాన్సు చేసింది బిగ్ బ్యాండ్ల సంగీతానికే. యుద్ధం వచ్చి పెట్రోలు రేషన్ అయింది, బస్సుల్లో ఊళ్లు తిరగడం కష్టమైంది. 1942లో వాద్యకారుల సంఘం రికార్డింగులు బంద్ చేసింది. ఆ బంద్ రెండేళ్లు సాగింది. బంద్‌లో గాయకులు లేకపోవడంతో వాళ్లు పాడుకుంటూనే ఉన్నారు, జనం చెవి పాట వైపు తిరిగింది. 1944లో డాన్సు ఉన్న హోటళ్ల మీద 30 శాతం పన్ను వేశారు. తర్వాత 20కి తగ్గించినా, డాన్సు హాళ్లు చాలావరకు కోలుకోలేదు. 1946 చివరికల్లా బెన్నీ గుడ్‌మన్, హ్యారీ జేమ్స్, టామీ డోర్సీ, వుడీ హెర్మన్ లాంటి మహామహులే కొన్ని వారాల తేడాతో బ్యాండ్లు మూసేశారు. తర్వాత కొందరు మళ్లీ తెరిచారనుకోండి, కానీ ఆ పాత వైభవం రాలేదు. ఇరవై ఏళ్ల ఫెర్గూసన్ వచ్చి దిగింది ఇలాంటి చోటికి. బిగ్ బ్యాండ్‌లో పేరు తెచ్చుకుందామని వచ్చినవాడికి బిగ్ బ్యాండ్ల కాలమే అయిపోయింది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆయన జీవితంలో మిగతా అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అప్పటికి బ్యాండ్లు నడుపుతున్న బాయిడ్ రేబర్న్ దగ్గర, జిమ్మీ డోర్సీ దగ్గర, చార్లీ బార్నెట్ దగ్గర వాయించాడు. బార్నెట్ దగ్గర ఉన్నప్పుడు ఒక తమాషా జరిగింది. జెరోమ్ కెర్న్ రాసిన నెమ్మదైన ప్రేమపాట ఒకటి, ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’. అందులో మనవాడు ఆకాశానికి నిచ్చెన వేసినట్టు పైపైకి వెళ్లి ఊదాడు. కెర్న్ అప్పటికే చనిపోయాడు. ఆయన కుటుంబం మా పాటని ఇలా చేస్తారా అని అభ్యంతరం చెప్పింది, కంపెనీ రికార్డుని వెనక్కి తీసుకుంది. ఆ రికార్డు ఇప్పుడు వినొచ్చు. నాకైతే ఆ కుటుంబం మీద కోపం రాదు. వినడానికి అద్భుతంగా ఉంటుంది, పాట మాత్రం ఎక్కడో కింద ఉండిపోయింది.

1950 మొదటి రోజున కెంటన్ కొత్త బ్యాండులో చేరాడు. ఈసారి కెంటన్ వయొలిన్లు, చెల్లోలతో కలిపి నలభై మందిని పోగేశాడు. షార్టీ రోజర్స్ ఒక రచన చేసి దానికి ఏకంగా ‘మేనార్డ్ ఫెర్గూసన్’ అనే పేరు పెట్టాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడి పేరు మీద రచన! 1950, 51, 52 మూడేళ్లూ డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక పాఠకులు ఆయన్నే మొదటి ట్రంపెటర్‌గా ఎన్నుకున్నారు. నలభై మందిని ఊరూరూ తిప్పిన కెంటన్‌కి మాత్రం విపరీతంగా నష్టం వచ్చింది.

ఇక మీ అబ్బాయిని పట్టుకున్న ఆ నోట్ల గురించి. ట్రంపెట్ గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే దాదాపు ఐదడుగులు ఉంటుంది. మూడు వాల్వులు నొక్కితే గొట్టం పొడవు మారుతుంది. అసలు శబ్దం మాత్రం పెదవులదే. కింది నోట్ల దగ్గర ఒక నోటుకీ ఇంకో నోటుకీ మధ్య ఎడం బాగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ అవి నిచ్చెన పైమెట్లలా దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. అక్కడ ఏ వాల్వు నొక్కినా పెద్ద తేడా ఉండదు, పెదవీ ఊపిరీ చెవీ కలిసి నోటుని వెతికి పట్టుకోవాలి. మామూలు వాద్యకారుడు జీవితాంతం సాధన చేసి భరోసాగా అందుకునేది హై సి. అప్పుడు పెదవి సెకనుకి సుమారు 930 సార్లు కంపిస్తుంది. దానికి సరిగ్గా ఒక స్థాయి పైన ఉండేది డబుల్ హై సి. సెకనుకి 1,860కి పైగా. మన లెక్కలో చెప్పాలంటే తారస్థాయి షడ్జం అందుకోవడానికే గొంతు చించుకునేవాళ్ల మధ్య, ఒకడు దానిపై షడ్జం అందుకుని అక్కడ కూర్చుని తీరిగ్గా రాగం పాడుతున్నట్టు.

అవును, చాలామంది ఆ నోటుని ఒకసారి కీచుమనిపించగలరు. నేనూ అనిపించాను. ఆ ఎత్తులో లావుపాటి నాదం రావడం, పాట నడవడం, రోజూ రాత్రి రావడం, అది వేరు. ఫెర్గూసన్ పెదవి బలంతో ఊదలేదు. పొట్ట నుంచి ఛాతీ దాకా ఊపిరి నింపి, ఒళ్లంతా ఒక తిత్తిలా వాడాడు. వీడియోలో గమనించమనండి, నోటు ఎత్తుకునే ముందు భుజాలు, మోకాళ్లు, నడుము అన్నీ కదులుతాయి. తర్వాత రోజుల్లో పిల్లలకు నేర్పేటప్పుడు యోగాలో చెప్పే పూర్తి శ్వాస గురించే ఎక్కువ చెప్పేవాడు.

నా సంగతి చెప్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరో డబుల్ హై సి కొట్టాడని విని, పెదవికి ఆనించే మౌత్‌పీస్‌ని పళ్ల మీదకు అదిమి అదిమి మూడు వారాలు పోరాడాను. నోటు వచ్చింది. నాలుగో వారం పై పెదవి వాచి తిమ్మిరెక్కింది, సరిగ్గా మాఘమాసం పెళ్లిళ్లు మొదలైనప్పుడు. ఆ సీజన్ అంతా మా మామ నాకు జాల్రాలు ఇచ్చి ఊరేగింపులో నడిపించాడు. ట్రంపెట్ వాయించే చేత్తో తాళాలు కొడుతూ ఊరంతా తిరిగినప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

కెంటన్ దగ్గర మూడేళ్లయ్యాక, 1953లో ఫెర్గూసన్ హాలీవుడ్‌లో పారమౌంట్ స్టూడియోలో చేరాడు. నెల జీతం, ఇంటి పట్టున ఉండటం, బస్సు ప్రయాణాలు లేవు. నలభైకి పైగా సినిమాల నేపథ్య సంగీతంలో ఆయన ట్రంపెట్ ఉంది. మన ఊళ్ల హాళ్లలో ఏళ్ల తరబడి ఆడిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ వాటిలో ఒకటి. మా నాన్న ఆ సినిమా రెండుసార్లు చూశాడు, అందులో ఎవరు ట్రంపెట్ ఊదారో ఆయనకేం తెలుసు, నాకే ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసింది. స్టూడియో వాద్యకారుడి బతుకే అంత. జనం వింటారు, పేరు ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లు అదే చేశాను కాబట్టి నిష్ఠూరంగా అనడం లేదు. ఆ పని ఇల్లు నడిపింది.

కానీ ఆయనకి ఊపిరాడలేదు. ఒప్పందం ప్రకారం బయట క్లబ్బుల్లో వాయించకూడదు. జాజ్ రికార్డులకు టైగర్ బ్రౌన్ లాంటి మారుపేర్లు పెట్టుకుని వెళ్లేవాడు. పేరు మారిస్తే ఏం లాభం, ఆ నోటు వినగానే ఎవరో అందరికీ తెలిసిపోతుంది! 1956లో స్టూడియో వదిలేశాడు. అదే ఏడాది న్యూయార్క్‌లో బర్డ్‌ల్యాండ్ క్లబ్బు కోసం అక్కడి మేటి వాద్యకారులతో ఒక బ్యాండు కట్టారు, నాయకుడు ఫెర్గూసన్. పేరు కూడా డ్రీమ్ బ్యాండ్ అనే పెట్టారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా తెలివైనదిగా అనిపిస్తుంది. పద్దెనిమిది మందిని పెట్టుకుంటే జీతాలకే సరిపోతుందని గమనించినట్టున్నాడు, పదమూడు మందితో బ్యాండు కట్టాడు. శాక్సఫోన్లు, ట్రాంబోన్లు తగ్గించాడు. కాగితం మీద తక్కువ, చెవికి మాత్రం ఎక్కువ. 1958లో వచ్చిన ‘ఎ మెసేజ్ ఫ్రమ్ న్యూపోర్ట్’ వినమనండి, పదమూడు మందే అంటే నమ్మడు. ఆ బ్యాండు నాయకుడు రాత్రికి వచ్చే డబ్బు లెక్క చూసుకుంటూనే, ఎక్కడ ఏ కుర్రాడు బాగా వాయిస్తున్నాడో చెవులు రిక్కించి వింటుండేవాడు. వియన్నా నుంచి 1959లో స్కాలర్‌షిప్ మీద చదువుకుందామని వచ్చిన పియానో కుర్రాడు జో జావినుల్‌ని కొద్ది వారాల్లోనే తన బ్యాండులోకి లాగేశాడు. అదే ఏడాది వేన్ షార్టర్ కొన్నాళ్లు శాక్సఫోన్ వాయించాడు. వాళ్లిద్దరూ కలిసింది ఆ బ్యాండులోనే. పదకొండేళ్ల తర్వాత వాళ్లు పెట్టిన వెదర్ రిపోర్ట్ అనే బ్యాండు జాజ్‌నే ఒక మలుపు తిప్పింది. 1970లలో ఫెర్గూసన్ దగ్గర డ్రమ్స్ వాయించిన పీటర్ అర్‌స్కిన్ కూడా ఇక్కడి నుంచి వెళ్లి వెదర్ రిపోర్ట్‌లోనే చేరాడు. స్లైడ్ హాంప్టన్, డాన్ ఎలిస్, జాకీ బయార్డ్, బిల్ చేస్, డాన్ సెబెస్కీ, ఇలా ఆ బస్సు ఎక్కి దిగినవాళ్ల జాబితా రాస్తే ఈ సమాధానం రేపటికీ అవ్వదు.

1960ల నడిమికి రాక్ సంగీతం ముంచెత్తింది. పదమూడు మందిని కూడా పోషించలేని పరిస్థితి. కుటుంబంతో న్యూయార్క్ దగ్గర మిల్‌బ్రూక్‌లో, తిమొతీ లియరీ బృందం ఉండే ఎస్టేటులో కొంతకాలం ఉన్నాడు. లియరీ అంటే ఎల్‌ఎస్‌డి మత్తుమందుతో ప్రయోగాలు చేసినాయన, మిగతా సంగతులు మీ అబ్బాయికి తర్వాత తెలుస్తాయి. 1967లో మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పో 67లో బిగ్ బ్యాండు నడిపాడు. ఆ తర్వాత పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఇండియా వచ్చేశాడు.

ఇక్కడే మన మదనపల్లె వస్తుంది. రిషివ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పాడు. ఇంగ్లీషులో రాసేవాళ్లు మద్రాసు దగ్గర ఒక స్కూలు అని తేల్చేస్తారు. మద్రాసు ఎక్కడ, రిషివ్యాలీ ఎక్కడ! అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లెకు పదిహేను పదహారు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ బండరాళ్ల కొండలు, చింతచెట్లు, మధ్యలో ఆ పెద్ద మర్రిచెట్టు. జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టినాయన, ఆ స్కూలు ఆయన ఆలోచనల మీద నడిచేది. అలాంటి చోట డబుల్ హై సి మోగితే ఏ కొండ నుంచి ప్రతిధ్వని వచ్చి ఉంటుందా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఒకసారి పనిగట్టుకుని వెళ్లి గేటు బయట రోడ్డు మీద నిలబడి ట్రంపెట్ తీద్దామా అనుకున్నాను. కాపలా మనిషి చూపు చూసి కేసులోనే ఉంచేశాను.

పుట్టపర్తి సత్యసాయిబాబాని గురువుగా తలచాడు. బాబా గురించి మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఆ చర్చ ఇక్కడ వద్దు. సంగీతానికి సంబంధించినంత వరకు జరిగింది ఏంటంటే, ఆ బంధం రెండేళ్లతో తెగలేదు. తర్వాత కూడా మళ్లీ మళ్లీ వచ్చి, పుట్టపర్తి విద్యాసంస్థలో అబ్బాయిల బ్రాస్ బ్యాండుకి నేర్పాడు. అనంతపురం జిల్లా ఎండల్లో, ప్రపంచంలో అతి పెద్ద ట్రంపెట్ పేరున్న మనిషి కుర్రాళ్ల పక్కన నిలబడి ఊపిరి ఎలా తీయాలో చూపించాడు. మా తరం వాద్యకారుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసి ఉంటే మేమంతా ఆ బస్సే ఎక్కేవాళ్లం.

ఇండియా ఆయన సంగీతంలో కూడా కనబడుతుంది. 1970లో వచ్చిన ఎం.ఎఫ్. హార్న్ ఆల్బంలో ఒక ట్రాకు పేరు ‘చలనాట’. అచ్చంగా మన 36వ మేళకర్తే. ఇంకోచోట భైరవ్ పేరు పెట్టుకున్న ‘స్వీట్ బాబా సూట్’ ఉంది. రాగలక్షణం తెలిసినవాళ్లు వింటే ముఖం చిట్లించొచ్చు, ప్రయోగాలు కాస్త స్వేచ్ఛగానే ఉంటాయి. కానీ వాల్వు నొక్కితే నోటు మెట్టు మెట్టుగానే మారుతుంది, గమకం రాదు. మద్రాసులో కర్ణాటక బాణీ పాట వచ్చినప్పుడల్లా మేం పడ్డ తిప్పలివే. ఫెర్గూసన్ అమెరికాలో హోల్టన్ కంపెనీతో కలిసి ఫైర్‌బర్డ్ అనే ట్రంపెట్ చేయించాడు. దానికి వాల్వులతో పాటు జారుడు గొట్టం కూడా ఉంటుంది. వీణ తీగ లాగినట్టు నోటుని లాగొచ్చు. ట్రాంబోన్‌కి అదే పని చేసి సూపర్‌బోన్ అన్నాడు. మన గడ్డ మీద ఉన్న రోజులకూ ఆ జారుడు గొట్టానికీ సంబంధం ఉందనే నా అనుమానం. నా దగ్గర ఫైర్‌బర్డ్ ఉండి ఉంటే కొన్ని రికార్డింగుల్లో తిట్లు తప్పేవి.

1969కి ఇంగ్లండ్ చేరాడు. మాంచెస్టర్‌కు చెందిన ఎర్నీ గార్‌సైడ్ మేనేజరుగా, బ్రిటిష్ కుర్రాళ్లతో మళ్లీ బ్యాండు. ఇక్కడ ఆయన పాత పాటల పెట్టె తెరవకుండా కుర్రకారు రేడియోలో వింటున్న పాటలు తీసుకున్నాడు. ఏడ్రియన్ డ్రోవర్ బ్యాండుకి అమర్చిన ‘మకార్థర్ పార్క్’ అలా వచ్చిందే. చివర్లో ట్రంపెట్ ఎత్తుకునే చోట ఒళ్లు జలదరిస్తుంది, ఎన్నిసార్లు విన్నా. మీ అబ్బాయి చూసిన వీడియోల్లో ఇది కచ్చితంగా ఉండి ఉంటుంది.

1973లో మళ్లీ అమెరికా. అప్పటికి ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. డాన్సు హాళ్లు పోయాయి, క్లబ్బులు చిన్నవైపోయాయి, కానీ అమెరికాలో ఊరికో హైస్కూలు, స్కూలుకో బ్యాండు ఉన్నాయి. బస్సు ఆ వైపు తిప్పాడు. మధ్యాహ్నం పిల్లలకు క్లాసు, రాత్రి అదే స్కూలు ఆడిటోరియంలో కచేరీ. హాలు నిండా తల్లిదండ్రులు. పిల్లల చేతుల్లో ఆయన పాటల నొటేషన్. ట్రంపెట్ పట్టిన ప్రతి అమెరికా కుర్రాడూ గోడ మీద ఆయన పోస్టరు అంటించుకున్న రోజులవి. బిగ్ బ్యాండు చచ్చిపోయిందని అందరూ అనుకున్న ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆయన బ్యాండు రోడ్డు మీద ఉండటానికి కారణం డబుల్ హై సి కాదు, ఈ ఏర్పాటు.

1976లో సొంతూరు మాంట్రియల్‌లో ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఒంటరిగా ట్రంపెట్ ఊదాడు. మరుసటి ఏడాది ‘రాకీ’ సినిమా కోసం బిల్ కాంటీ కట్టిన ‘గోనా ఫ్లై నౌ’ పాటని తన పద్ధతిలో వాయిస్తే, అమెరికాలో ఏ పాట ఎంత ఆడుతోందో చెప్పే బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో పాట 28వ స్థానానికి, ఆల్బం 22వ స్థానానికి ఎక్కాయి. గాత్రపాటల రాజ్యంలో ఒక బిగ్ బ్యాండ్ నాయకుడికి అది మామూలు సంగతి కాదు. జాజ్ విమర్శకులు మాత్రం డిస్కోకి అమ్ముడుపోయాడని, ఎత్తు నోట్ల సర్కసని చీల్చి చెండాడారు.

వాళ్ల మాట పూర్తిగా తప్పని నేను అనను. ఆ రోజుల రికార్డులు కొన్ని నేను కూడా సగంలో ఆపేస్తాను. పైన తళుకు ఎక్కువ, లోపల పస తక్కువ. ఏ పాటనైనా చివరికి తీసుకెళ్లి ఆ నోటు దగ్గరే కట్టేయడం ఆయన బలహీనత. కానీ ఆ డబ్బుతో ఆయన ఏం చేశాడో కూడా చూడాలి. పన్నెండు పదమూడు మంది కుర్రాళ్లకు జీతాలిచ్చి, బస్సు నడిపి, పాతికేళ్లు నిండని వాళ్ల చేత రోజూ కచేరీ చేయించాడు. ఎవరికైనా సోలో ఇచ్చి తను పక్కకు తప్పుకుని చప్పట్లు కొట్టడం వీడియోల్లో కనబడుతుంది. మద్రాసులో నాకు అలాంటి నాయకుడు ఒక్కడు దొరికినా నా వాయిద్యం ఇంకోలా ఉండేది. మా దగ్గర సీనియరు నొటేషన్ కాగితాన్ని మోచేత్తో కప్పి వాయించేవాడు, పక్కవాడు నేర్చేసుకుంటాడేమోనని.

కాలిఫోర్నియాలో ఓహాయ్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి 1986లో కన్నుమూసింది కూడా ఆ ఊళ్లోనే. ఈ రెండు ఊళ్ల మధ్య దారం ఎలా చుట్టుకుందో చూడండి.

1980ల చివర్లో మళ్లీ అచ్చమైన జాజ్ వైపు వచ్చి బిగ్ బాప్ నూవో అనే చిన్న బిగ్ బ్యాండు కట్టాడు. చనిపోయేదాకా నడిపింది అదే. విమర్శకులు కూడా మెత్తబడ్డారు. 1992లో డౌన్‌బీట్ వాళ్లు తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు, 2003లో కెనడా దేశపు గౌరవ పురస్కారం ఆర్డర్ ఆఫ్ కెనడా వచ్చింది. 2005లో భార్య ఫ్లో పోయింది. 2006 జులైలో న్యూయార్క్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో వాయించాడు, అదే నెలలో ఒక ఆల్బం రికార్డు చేశాడు. ఆగస్టు 23న కిడ్నీలు, కాలేయం చెడిపోయి వెంచురాలోని ఆస్పత్రిలో పోయాడు. అప్పటికి 78 ఏళ్లు. ట్రంపెట్ కింద పెట్టి నెల రోజులు.

ఇక మీ చివరి రెండు ప్రశ్నలు. ఆ నోట్లు వస్తాయా అంటే, హై సి దాకా సాధనతో దాదాపు అందరికీ వస్తుంది, నాలుగైదేళ్లు పడుతుంది. దానిపైన ఎంత అన్నది పెదవి, పళ్ల అమరిక, ఊపిరి, కొంత పుట్టుక. ఫెర్గూసన్ లాంటి వాడు తరానికి ఒకడు. బతకొచ్చా అంటే, వట్టి ట్రంపెట్ సోలోలతో మన దగ్గర కష్టం. నిజం చెప్పకపోతే నా తప్పు అవుతుంది. ఆర్మీ, పోలీసు బ్యాండ్లలో ఉద్యోగాలున్నాయి, ఇంటర్నేషనల్ స్కూళ్లలో బ్యాండు మాస్టర్లు కావాలి, చర్చిల్లో, లైవ్ షోల్లో పిలుస్తారు. నొటేషన్ చూసి వెంటనే వాయించగలిగేవాడికి ఎప్పుడూ పిలుపు ఉంటుంది. కీబోర్డులొచ్చిన ఏడాది మా వరసలో నలుగురం ఖాళీగా కూర్చుంటే, నొటేషన్ రాయడం వచ్చిన ఒకడికి మాత్రం రెట్టింపు పని దొరికింది. చదువు మాన్పించకండి. పియానో కానీ కీబోర్డు కానీ పక్కన మొదలుపెట్టించండి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది వేరే ఉంది. చిట్లిన పెదవి పూర్తిగా మానేదాకా ట్రంపెట్ ముట్టనివ్వకండి, టెన్షన్ పడొద్దని చెప్పండి, నాలుగు రోజుల్లో వచ్చిన విద్యేం పోదు. వాపు తగ్గకపోయినా, తిమ్మిరిగా ఉన్నా డాక్టరుకి చూపించండి. మొదలుపెట్టాక పది రోజులు మధ్యస్థాయిలోనే, సన్నగా మొదలై పెద్దదై మళ్లీ సన్నబడే పొడుగాటి నోట్లు. పావుగంట ఊదితే పావుగంట విశ్రాంతి. మౌత్‌పీస్ తీశాక పెదవి మీద ఎర్రటి గుండ్రని గుర్తు చాలాసేపు ఉంటోందంటే అదుముతున్నట్టే. ట్రంపెట్‌ని ఎడమ అరచేతిలో పడుకోబెట్టి, వేళ్లు చుట్టకుండా ఊదమనండి, అదమడం దానంతట అదే కుదరదు. ఫెర్గూసన్ వీడియోలు మాన్పించొద్దు, కాకపోతే శబ్దం తీసేసి ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో మాత్రమే చూడమనండి.

మౌత్‌పీస్ అంచు మీద ఒక నెంబరు చెక్కి ఉంటుంది, 7సీ అనో 3సీ అనో. అది చూసి ఇక్కడ రాయండి. వాడి స్నేహితులెవరైనా పై నోట్ల కోసమని లోతు తక్కువ మౌత్‌పీస్ ఇచ్చి ఉంటే గొడవ సగం అక్కడే ఉంది.